తలుపులు మూసిన మీటింగు

అరవై ఒకటిలో పిడుగురాళ్ల దగ్గరి ఒక ఊళ్లో పంచాయతీ బోర్డు తలుపులు మూసుకుని మీటింగు పెట్టి, మాలపల్లెకు మంజూరైన మంచినీళ్ల బావిని ప్రెసిడెంటు వీధికి మార్చేసింది.

తీర్మానం నకలు ఇమ్మని పల్లెలోని మార్తమ్మ అర్జీ పెట్టింది.

"ఆ కాయితంతో నీకేం పనే?" అని ప్రెసిడెంటు కసిరాడు.

ఆమె నరసరావుపేట బస్సెక్కి పై అధికారికి అప్పీలు చేసుకుంది. మూడో వాయిదాకు ఆయనే ఊళ్లోకొచ్చి, తీర్మానం అందరి ముందూ చదవమన్నాడు.

చేతులెత్తిన సభ్యుల పేర్లు గుమాస్తా వరసగా చదివి, చివర్లో "జకరయ్య" అన్నాడు.

జకరయ్య మార్తమ్మ భర్త, పల్లె తరఫున బోర్డు సభ్యుడు. ఆ మీటింగుకు ఆర్నెల్ల ముందే చనిపోయాడు.

అధికారి తీర్మానం కొట్టేసి, బావి పల్లెకే అన్నాడు. జనం గొల్లున నవ్వారు. మార్తమ్మ మాత్రం ప్రెసిడెంటు దగ్గరికెళ్లి మెల్లగా అడిగింది:

"అయ్యా, మా ఆయన ఎట్టున్నాడు? నన్నేమన్నా అడిగాడా?"