కప్పీ బిగించిన రోజు

"అమ్మగారూ, గుక్కెడు మంచినీళ్ళు పోస్తారా?"

వెంకటకృష్ణారావు ఇంటి గేటు దగ్గర నిలబడి అడిగాడు ఓ ముసలాయన. నడుం బాగా వంగిపోయింది. మెడలో జపమాల, చంకలో గుడ్డసంచి.

అది డెబ్భై నాలుగు ఫిబ్రవరి. భవానీపురంలో అప్పటికి ఇళ్ళు దూరదూరంగా ఉండేవి. పడమటి ఊళ్ళ నుంచి గుణదల చర్చి తిరునాళ్ళకి నడిచిపోయే జనంతో రోడ్డంతా కళకళలాడుతోంది.

కృష్ణారావుకి అటు చూసే తీరిక లేదు. తీరికెక్కడిది మరి! ఆ రోజు ఇంట్లో గొలుసు కప్పీ బిగిస్తున్నారు.

కప్పీ అంటే నూతి మీది గిలక అనుకునేరు! మద్రాసు నుంచి లారీలో తెప్పించిన సరుకది. కారు షెడ్డులో పైన అడ్డంగా రైలు పట్టా వేసి, దానికి కప్పీ తగిలించి గొలుసు లాగితే చాలు, కంచె మీద కాళ్ళేసిన మేకలా కారు ముందుభాగం పైకి లేస్తుంది.

"ఇంట్లో ఇదెందుకండీ? ఊళ్ళో మెకానిక్కులు లేరా?" అంది భార్య సీతారావమ్మ.

ఉన్నారు. కానీ అది నాన్నగారు పామర్రులో నడిపిన మోరిస్ కారు. దాని మీద ఇంకొకళ్ళ చెయ్యి పడితే అతనికి మనసొప్పదు. ఆ గ్రీజు వాసన తగిలితే నాన్నగారు పక్కనే ఉన్నట్టుంటుంది.

"జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరావో, నా మీద ఒట్టే!" అని తల్లి పద్మావతమ్మ ఎప్పుడో ఒట్టు పెట్టింది. అందుకే ఈ కప్పీ.

ఊరికే పెట్టిన ఒట్టు కాదది. ఐదేళ్ళప్పుడు బంతి కోసం అతను ఆ కారు కిందకే దూరాడు. జాకీ జారింది. కోతలకొచ్చిన కూలీ ఎవరో పరిగెత్తుకొచ్చి, వీపు ఆనించి కారు లేపాడు. పద్మావతమ్మ పిల్లాణ్ణి లాక్కుని గుడివాడ డాక్టరు దగ్గరికి పరుగు తీసింది. తిరిగొచ్చేసరికి కూలీల ముఠా వెళ్ళిపోయింది.

"ఆయన నోట కృష్ణుడి పేరొచ్చిందిరా, నా చెవులతో విన్నాను," అంటుంది ఆవిడ.

అంతవరకూ వెంకటసుబ్బారావైన పిల్లాడు, ఆనాటి నుంచి వెంకటకృష్ణారావైపోయాడు. కృష్ణుడి గుడి కనిపిస్తే చాలు, ఆవిడ లోపలికెళ్ళి భక్తుల మొహాలన్నీ చూసొస్తుంది. ఆయన కనబడితే తన చేత్తో ఓ పూట అన్నం పెట్టాలి. ఆవిడకి ఒకటే కోరిక.

ఇప్పుడావిడ గన్నవరంలో కూతురింట్లో ఉంది. వచ్చేలోపల కప్పీ బిగించెయ్యాలని కొడుకు ఆత్రం.

ముసలాయన నీళ్ళు తాగి షెడ్డులోకి తొంగిచూశాడు.

"ఏంటి బాబుగారూ అది?"

"కారు ఎత్తే కప్పీ."

"ఇంక మనిషి ఎత్తక్కర్లేదా?"

"అక్కర్లేదు తాతా."

"మంచి పని చేశారు బాబూ. శానా మంచి పని."

"సరేగానీ పక్కకి జరుగు, పట్టా ఎక్కిస్తున్నారు."

కూలీలు పట్టా ఒక కొసని గోడ మీద ఆనించారు. రెండో కొస ఎత్తుతుంటే ఒకడి కాలు జారింది. పట్టా ఒరిగింది. సరిగ్గా దాని కిందే కృష్ణారావున్నాడు.

"శౌరీ!"

ఒక్క అరుపు అరిచి, ముసలాయన ఆ వంగిన వీపే పట్టా కింద పెట్టేశాడు. కూలీలు తేరుకుని పట్టుకునేదాకా కదల్లేదు.

"అమ్మయ్య! బతికించావు తాతా. శౌరి ఎవరు, మీ అబ్బాయా?"

"మా చర్చిలో పునీతుడండి. బరువు మీదకొస్తే ఆయన్నే పిలుస్తాను."

"నడుం పట్టేసిందా?"

"ఇది పాత బరువుది లెండి," నవ్వాడు ముసలాయన.

"అన్నం తిని వెళ్ళమనండి, అరగంటలో వంటైపోతుంది," లోపల్నుంచి కేకేసింది సీతారావమ్మ.

"అందాకా ఏం కూర్చుంటాడు పాపం! టీ తాగిస్తాలే," అన్నాడు కృష్ణారావు. అతని మనసంతా కప్పీ మీదుంది.

బడ్డీకొట్టు దగ్గర టీ చేతికిస్తూ మాటవరసకి అడిగాడు.

"గుణదలలో మొక్కుందా తాతా?"

"ఏటా వస్తానండి. ఎప్పుడో ఓ పిల్లోడికి పెద్ద దెబ్బ తగిలింది. ఏమయ్యాడో తెలీదు. చల్లగా ఉండాలని మొక్కుకుంటా."

"ఉంటాడులే," అన్నాడు కృష్ణారావు షెడ్డు వైపు చూస్తూ.

"మీ నోటి మాట చాలు బాబూ."

ముసలాయన దణ్ణం పెట్టి జనంలో కలిసిపోయాడు.

తిరునాళ్ళ ముగిసింది. రోడ్డు బోసిపోయాక పద్మావతమ్మ ఊరినుంచి వచ్చింది.

కృష్ణారావు గొలుసు లాగాడు. మోరిస్ కారు మెల్లగా పైకి లేచింది. పద్మావతమ్మ పసిపిల్లలా చప్పట్లు కొట్టింది.

"మీ నాన్నగారు చూస్తే మురిసిపోయేవారురా!"

"ఇది బిగించేరోజు ఎంత గండం గడిచిందో తెలుసా అమ్మా? పట్టా నా మీద పడబోయింది. దారినపోయే ముసలాయనెవరో 'శౌరీ' అని అరిచి వీపు అడ్డం పెట్టాడు."

పద్మావతమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఏమని అరిచాడూ?"

"శౌరీ అని. వాళ్ళ పునీతుడట."

ఆవిడ ఖాళీ రోడ్డు వైపు చూసింది.

"ఆయనకి అన్నం పెట్టావురా?"

"లేదమ్మా, టీ తాగించాను. ఏమైంది?"

"ఆ రోజు నీ మీంచి కారు లేపుతూ ఆయన అరిచిందీ ఆ పేరేరా నాయనా," అంది పద్మావతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "శౌరి అంటే మన కృష్ణుడే కదా అనుకుని, ఇన్నేళ్ళూ గుళ్ళల్లో వెతుకుతూ కూర్చున్నాను."