సీడ్ చేనులో కొత్త మనిషి

భుజాన సంచితో ఒకామె వచ్చి గట్టు మీద నిలబడింది.

చేనంతా మాడి ఉంది. విత్తన పత్తి. పూత మొదలైన వేళ ఆకు ముడుచుకుని ఎండిపోయింది.

"ఏం మందు కొట్టిన్రు అన్నా?"

"ఫోన్ చెప్పిన మందే" అన్నాడు గోవిందు.

విత్తన కంపెనీ ఇచ్చిన యాప్ అది. ఆకు ఫొటో తీసి పెడితే ఏ మందు, ఎంత కలపాలో మనిషిలా మాట్లాడి చెబుతుంది.

"ఆ మాట ఫోన్ల ఇంకా ఉన్నదా? జర వినిపిస్తరా?"

గోవిందు భార్య అమృతమ్మ అడ్డం వచ్చింది. గద్వాల దిక్కు సీడ్ చేలలోకి కొత్తవాళ్లను అడుగు పెట్టనివ్వరు. ఒకరి విత్తనం ఇంకొకరు ఎత్తుకుపోతారని, కంపెనీకీ రైతుకీ నడుమ ఉండే ఆర్గనైజర్లు ఏళ్లుగా నేర్పిన జాగ్రత్త.

"ఏ కంపెనీ అమ్మా నీది?"

ఆమె తడబడింది. "ఇప్పుడు ఏ కంపెనీ కాదు."

"అంటే నిన్నటిదాంక ఉండెనా? పో తల్లీ. ఎండిన చేన్ల ఏం ఏరుకుంటవ్?"

"పోతనమ్మా. ఆ మాట మాత్రం డిలీట్ చెయ్యకున్రి."

సాయంత్రం ఆర్గనైజర్ భాస్కర్ వచ్చాడు. విత్తనం ఇచ్చేదీ, పంట కొనేదీ అతనే. అమృతమ్మకు తమ్ముడి వరస. వచ్చిపోయినామె సంగతి చెప్పారు.

"ఆమె కంపెనీ మనిషే అక్కా. మోతాదు మీరే పెంచిన్రని మీ మీదికి తోస్తరు. ఫోన్ ఇటియ్యి బావా."

అన్నీ చెరిపేశాడు.

"మరి మా నష్టం?"

"నేను లేనా?"

కొన్నాళ్లకు భాస్కర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. గోవిందు కంపెనీ మీద వినియోగదారుల కోర్టుకు వెళ్లాడు.

"మా యాప్ ఆ మోతాదు చెప్పలేదు. మా దగ్గర రికార్డు లేదు. రైతు దగ్గరా లేదు" అన్నాడు కంపెనీ వకీలు. "చెప్పినా అది సలహా. కొట్టింది రైతు."

కంపెనీ తరఫు సాక్షి లేచాడు. భాస్కర్.

"నేను వద్దన్నా ఎక్కువ కలిపిన్రు సార్."

అక్క వైపు చూడలేదు.

కేసు కొట్టేశారు.

అమృతమ్మ మెట్ల మీద కూలబడింది. "మిషన్ తప్పు చేస్తే ఎవల మీదా కేసు నిలవదా మేడం?"

"ఒకామె మీద నిలిచింది" అంది వాళ్ల వకీలు ఉమారాణి.

"ఎవలామె?"

"మీ చేనుకొచ్చి ఫోన్ అడిగిన మనిషే. ఆ యాప్ మోతాదు తప్పు చెప్తున్నదని కంపెనీల ఉండంగనే పైవాళ్లకు చెప్పింది, వాళ్లు వినకుంటే కొలువిడిచి మీ దిక్కు సాక్ష్యం వెతుక్కుంట వచ్చింది, కంపెనీ గుట్టు బయటపెట్టిందని కేసు పెట్టి ఆమెనే బోనెక్కించిన్రు."