రైలుబండి లైను

ఆఫీసులో ఆమెకు ‘రైలుబండి’ అని పేరు పెట్టారు. ఆమె ప్రోగ్రాములో రాసే లెక్క తెర దాటి అలా పోతూనే ఉంటుంది మరి. సరుకు ధర, పన్ను, తగ్గింపు, రవాణా ఖర్చు అన్నీ ఒకే లైనులో కుక్కేస్తుంది. చదివేవాడి మెడ పట్టేయాల్సిందే.

చేతకాక కాదు. పొడుగు లెక్కను ఎక్కడ విరవాలో, కింది లైనును ఎంత లోపలికి జరపాలో కొత్తవాళ్లకు నేర్పేది ఆమే. తన దగ్గరికొచ్చేసరికే బుద్ధి గడ్డి తింటుంది.

రాసింది తనిఖీకి పంపీ పంపగానే తెర మీద మొగుడి చీవాట్లు. అదే ఆఫీసులో పరిచయమై పెళ్లాడినవాళ్లు ఇద్దరూ.

“ఏమేవ్, ఊపిరి తీసుకోవా? కూడిక గుర్తు దగ్గర విరిచి కింది లైనులో రాయి తల్లీ!”

ఆమె తీరిగ్గా చదువుకుంటుంది. లైను విరిచి మళ్లీ పంపుతుంది. ఇంట్లో మాటామంతీ లేకుండా పోయాక ఆమెకు దక్కేది ఆ కసురు ఒక్కటే. దానికోసమే ఈ తప్పులన్నీ.

ఇవాళ, నిన్నగాక మొన్న వచ్చిన మేనేజరు ఆమెను పిలిచాడు.

“ఇక మీకు తిట్లు తప్పినట్టే మేడమ్. మధ్యాహ్నం కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం. ఎంత పొడుగు లైనైనా అదే విరిచి సర్దేస్తుంది. ఒకరు చెప్పక్కర్లేదు, ఒకరు పడక్కర్లేదు.”

ఆమె రెండు చేతులూ జోడించింది.

“నా ఫైళ్లు వదిలేయండి సార్. మీకు దండం పెడతాను.”

“అందరూ చూస్తుండగా రోజూ అలా అనిపించుకోవడం బాగుందా?”

“బాగుంది.”

మేనేజరు నవ్వేశాడు. “మీవారేనట కదా! ఆ సరసాలేవో ఇంట్లో ఆడుకోండి.”

“ఇంట్లో కుదరదండీ,” అంది ఆమె. ఆయన అప్పటికే ఫోను ఎత్తాడు.

భోజనాలయ్యాక ఆమె సీట్లో కూర్చుని, చేతికి తోచిన లెక్కలన్నీ కలిపి ఇంత పొడుగు లైను రాసి పంపింది. తిట్టు రాలేదు. లైను మాత్రం మెట్లు మెట్లుగా విరిగి తిరిగొచ్చింది. చంటిపిల్లాడైనా చదివేసేలా ఉంది. ఇంకోటి రాసింది. అదీ అంతే. మరొకటి మొదలుపెట్టింది.

పక్కసీటామె వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. “పాత తనిఖీ ప్రోగ్రాం తీసేశారే.”

పొడుగు లైను కనబడితే చాలు తన పెళ్లాన్ని తిట్టమని, బతికుండగా సరదాకి ఆయన ఆ పాత ప్రోగ్రాములో రాసిపెట్టిన మాట, మనిషి పోయిన రెండేళ్లకు ఆయన వెనకాలే పోయింది.