బురదగుంటలో ఆకాశం

అడవి అంచున ఒక ముసలి పంది ఉండేది. మెడ పైకి లేవదు కాబట్టి రోజూ బురదగుంట పక్కన కూర్చుని, నీళ్ళలో కనబడే ఆకాశాన్నే చూస్తుండేది. అది చూస్తే అక్కడికొచ్చే ఓ కొంగకు నవ్వాగేది కాదు. "తలే ఎత్తలేవు, నీకు ఆకాశం గొడవెందుకు తాతా?" అని, ఉన్న మెడంతా సాచి మరీ అడిగేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం వెలుగు మసకబారింది. పక్షులన్నీ గోలగోలగా గూళ్ళకు ఎగిరిపోయాయి. కొంగ తలెత్తి చూడబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. గూట్లో పిల్లలు గుర్తొచ్చి పంది దగ్గరికి పరుగెత్తింది.

"సూర్యుడు చచ్చిపోతున్నాడు తాతా! పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?"

"ఎక్కడికీ పోకు కొంగమ్మా," అంది పంది, గుంటలోంచి చూపు తిప్పకుండా. "నాలుగు రోజులుగా తెల్లవారుజామున చందమామను చూస్తున్నా. రోజురోజుకీ చిక్కిపోతూ సూర్యుడి వైపే జరుగుతున్నాడు. ఇవాళ అడ్డం వచ్చాడు, అంతే. తప్పుకుంటాడు. రా, నువ్వే చూడు."

బురదనీళ్ళలో సూర్యుడు కొరికిన అప్పచ్చిలా ఉన్నాడు. ఈసారి కళ్ళు బైర్లు కమ్మలేదు. చూస్తుండగానే అంచున వెలుగు పెరిగింది.

చేప కోసం కాకుండా కొంగ తల వంచడం అదే మొదటిసారి.