మూడో ఫోటోలో మంచు

మూడో ఫోటో మీద చుట్టిన కాగితం చించగానే ధనశ్రీ చేతులు ఆగిపోయాయి.

"వెంకటేష్ గారూ, ఇందులోకి మంచు ఎలా వచ్చింది?"

"నానే ఏసినాను మేడమ్," అన్నాడు వెంకటేష్. గర్వం దాచుకుందామన్నా దాగలేదు.

ద్వారకా నగర్‌లో కలర్ ల్యాబ్ ఆయనది. పెళ్ళి ఆల్బమ్‌లు చేయడంలో ఆయన చేతికి తిరుగు లేదు. పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుంటే తెరిపిస్తాడు. మబ్బు పట్టిన ఆకాశాన్ని కడిగి నీలంగా ఆరేస్తాడు. సెలవు దొరక్క పెళ్ళికి రాలేకపోయిన మేనమామని సైతం ఎక్కడినుంచో తెచ్చి, గ్రూపు ఫోటోలో రెండో వరసలో నిలబెడతాడు. అలాంటివాడికి ధనశ్రీ మూడు ఫోటోలిచ్చి, ఓ షిప్పింగ్ కంపెనీ వాళ్ళకి వాళ్ళ హాల్లోనే చూపించాలని, పెద్ద సైజులో ప్రింటు వేసి అక్కడికే తెమ్మంది.

మూడూ ఉత్తర ధ్రువం దగ్గర ఒకే చోట, ఒకే నెలలో, ఒకే ఎత్తు నుంచి ఆమె తీసినవే. మొదటిసారి వెళ్ళినప్పుడు కనుచూపు మేరా తెల్లగా గడ్డకట్టిన సముద్రం. కొన్నేళ్ళకి వెళ్తే ఆ మంచు ముక్కలు ముక్కలై, మధ్యమధ్య నీళ్ళు. పోయిన ఏడు వెళ్తే నల్లటి నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

ఆ మూడోదాన్ని చూసి వెంకటేష్ ప్రాణం ఉసూరుమంది. హెలికాప్టర్ తలుపు తీసేసి, నడుముకి బెల్టు కట్టుకుని, సగం మనిషి బయటికి వేలాడి తీయాలని ఆమే ఓసారి మాటల్లో చెప్పింది. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో ఓ ఆడపిల్ల అంత తెగువ చూపిస్తే చివరికి పడింది ఖాళీ సముద్రమా అనుకున్నాడు. రెండో ఫోటోలోంచి మంచు ముక్కలు తెచ్చి, నీడలతో సహా అతికాడు. అతికిన చోటు తనకే కనపడనంత బాగా కుదిరింది.

"మీ కష్టం వృథా అయిపోతాదని సేసినాను మేడమ్," అన్నాడు, ఆమె మొహం చూసి గొంతు తగ్గించి.

ధనశ్రీ అరవలేదు. కుర్చీలో కూలబడి నెమ్మదిగా చెప్పింది. ఆ ఖాళీయే అసలు సంగతట. తెల్లటి మంచు ఎండని వచ్చిన దారినే తిప్పి పంపేస్తుందట. మంచు పోతే నల్లటి నీళ్ళు ఆ వేడినంతా తాగేసి, మిగిలిన మంచుని కూడా కరిగిస్తాయట. మే నెలలో నల్లచొక్కా వేసుకుని జగదాంబ సెంటర్లో తిరిగినట్టే భూమికి కూడాను. ఆ వేడి అక్కడే కుదురుగా ఉండదు, ఎక్కడెక్కడి ఎండల్నీ వానల్నీ తారుమారు చేస్తుంది అంది.

"అయితే నాను సేసింది ఏటి మేడమ్?"

"లేని మంచుని ఉందని చూపించేరు."

వెంకటేష్ గోడ గడియారం వైపు చూశాడు. మళ్ళీ ప్రింటు వేసుకు రావడానికి వేళ మించిపోయింది. షిప్పింగ్ కంపెనీ వాళ్ళు అప్పటికే లిఫ్టు దిగుతున్నారు. వాళ్ళు డబ్బివ్వడానికి సరేనంటేనే వచ్చే ఏడు హెలికాప్టర్. కాదంటే అన్నేళ్ళ పని అక్కడితో తెగిపోతుంది. తప్పు తనదేనని తానే చెప్పేస్తానని వెంకటేష్ లేవబోయాడు. ధనశ్రీ వద్దన్నట్టు చెయ్యి చూపించింది.

చైర్మన్ కృష్ణంరాజు ఓడల మధ్యే జుట్టు నెరిసిన మనిషి. వెంట మరో ముగ్గుర్ని తీసుకొచ్చాడు. ఫోటోలన్నీ ఒకే చోటివని విని ముచ్చటపడ్డాడు. హెలికాప్టర్ సంగతి విని, తమ ఇంట్లో ఆడపిల్లలు స్కూటీ ఎక్కితేనే భయపడి చస్తామని మెచ్చుకోలుగా నవ్వాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు.

"అంతా బాగుందమ్మా. కానీ ఫోటోలు ఉండనే ఉన్నాయిగా. మళ్ళీ మళ్ళీ అదే చోటికి ఎగరడం దేనికి?"

ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేయచ్చు. మూడో ఫోటో గుట్టు ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఎవరైనా అదే చేస్తారు, వెంకటేష్ అయితే కళ్ళు మూసుకుని చేసేవాడు. ధనశ్రీ చేయలేదు. నిజం ఫోటో తీయడానికి గాల్లో వేలాడిన మనిషి, నేల మీద నిలబడి అబద్ధం ఎలా ఆడుతుంది?

"చెప్తానండి. ముందు ఓ మాట. వీటిలో రెండు నేను తీసినవి తీసినట్టే ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం మంచు ల్యాబ్‌లో అతికించింది. అసలు ఫోటో నా ల్యాప్‌టాప్‌లో ఉంది, ఇప్పుడే చూపిస్తాను. అబద్ధం ఏదో మీరు పోల్చగలరా?"

వెంకటేష్ తల దించుకున్నాడు. బంగారంలాంటి పిల్ల ప్రయాణం తన చేతులతో తానే ఆపేశానని కుమిలిపోయాడు.

నలుగురూ కళ్ళజోళ్ళు సర్దుకుని ఫోటోల దగ్గరికి వెళ్ళారు. వంగి చూశారు, వెనక్కి జరిగి చూశారు, చెవులు కొరుక్కున్నారు. కృష్ణంరాజు మూడోదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన తల అడ్డంగా ఊపి ముందుకు జరిగాడు. మిగతా ముగ్గురి వైపు చూస్తే ముగ్గురూ ఔనన్నారు.

కృష్ణంరాజు పట్టేశానన్నట్టు నవ్వి, మొట్టమొదటి ఫోటో మీద వేలు పెట్టాడు.

"ఇదేనమ్మా. మీ ల్యాబ్ వాడెవడో మరీ తెలుపు కొట్టేశాడు. సముద్రం మీద అంత మంచు ఎక్కడైనా ఉంటుందా?"