కుర్చీ బరువు పోను

తన పెళ్ళాన్ని చంపింది కళ్ళజోడు డాక్టరేనని పాత ఇనుము కొట్టతను కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. పలకరించడానికొచ్చిన వాళ్ళకి చెప్పాడు. మూసిన కొట్టు ముందు ఆగినవాళ్ళకి చెప్పాడు. చివరికి ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఆ డాక్టరు మొహానే అనేశాడు.

"మందు తక్కువేశావయ్యా. కొలతలో కొట్టేశావు."

పాదాల్లో చీమలు పాకుతున్నాయంది ఆమె మొదట్లో. మర్నాటికి మోకాళ్ళు మాట వినలేదు. మూడోనాడు మంచం దిగబోయి కూలబడింది. చక్రాల కుర్చీలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు.

కళ్ళజోడు డాక్టరు చిన్న సుత్తితో ఆమె మోకాలి మీద కొట్టాడు. కాలు ఉలకలేదు.

"రోగాల మీదకి పోవాల్సిన ఒంట్లోని సైన్యం దారి తప్పి సొంత నరాల మీదే పడింది. ఇలాగే పైకి పాకితే ఊపిరందదు. ఇమ్యునోగ్లోబులిన్ అని మందుంది. సెలైన్‌లా ఐదు రోజులు ఎక్కించాలి. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీస్తారు దాన్ని. బయటినుంచి తెప్పించాలి. కిలో బరువుకి ఇంత అని లెక్క. ఈవిడ బరువెంత?"

ఆసుపత్రిలో ఉన్నది ఎక్కి నిలబడే మిషను. ఆమె నిలబడలేదు.

"చూపుకి అరవై ఉంటారు. అదే రాసేద్దామా సార్?" అంది నర్సు.

అతనికి ఒళ్ళు మండింది. "ఉజ్జాయింపుకి మందేస్తారా? ఇదేమన్నా కూరలో ఉప్పా? ఎదురు సందులోనే నా కొట్టు. టన్ను బరువు తూగే కాటా ఉంది. నేను తూచి తెస్తా."

"సరే, తొందరగా రండి. పూట ఆలస్యమైనా ప్రమాదమే," అన్నాడు డాక్టరు.

విరిగిన సైకిళ్ళ మధ్య నుంచి, తుప్పు పట్టిన ఫ్యాన్ల మధ్య నుంచి కుర్చీ తోసుకెళ్ళి, ఆమెను కుర్చీతో సహా కాటా ఎక్కించాడు.

"ఏవయ్యా, చివరికి నన్నూ తుక్కులో కలిపేశావా? కిలో ఎంతకి కొంటావేంటి?"

"నిన్నెవడు కొంటాడే! ఎదురిచ్చి వదిలించుకోవాలి."

ఆమె నవ్వింది. పెదవి ఒక పక్కకే లేచింది. అతను మొహం తిప్పేసుకున్నాడు.

ఆమెను రెండు చేతులతో ఎత్తి గోడవారగా కూర్చోబెట్టి, ఖాళీ కుర్చీని విడిగా తూచాడు. కుర్చీ బరువు పోను నలభై ఎనిమిది.

"నలభై ఎనిమిదా! పెళ్ళినాటి బరువుకొచ్చేశానే," అంది ఆమె. "మూడు రోజుల్లో ఎంత పీల్చేసిందయ్యా మాయదారి జబ్బు!"

"ముందు లేచి తిరుగు. తర్వాత మేపుతాలే."

చీటీ మీద తన చేత్తోనే అంకె వేశాడు. అది నర్సుకిస్తూ ఊరుకోలేక, "నీక్కూడా డాక్టరుగారి కళ్ళజోడు కావాలమ్మా," అని ఓ చురక అంటించాడు.

సాయంత్రానికి మందొచ్చింది. పన్నెండు కిలోలకో సీసా లెక్కన రోజుకి నాలుగు సీసాలు. బొట్టు బొట్టుగా దిగుతుంటే అతను స్టూలు మీద కూర్చుని, తలెత్తి సీసానే చూసేవాడు.

"ముక్కూ మొహం తెలీనివాళ్ళు, వేలమంది ఇచ్చారట," అంది ఆమె రెండో రోజు. "అందరికీ ఓ దండం పెడదామంటే చేతులు లేవట్లేదు."

అతనే ఆమె చేతులు రెండూ పట్టుకుని దగ్గరికి చేర్చాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

మూడో రోజుకి మాట ముద్దయింది. నాలుగో రోజు గొంతులో గొట్టం వేశారు. ఐదో రోజు రెప్పలతోనే మాట్లాడింది. ఒకసారి మూస్తే ఔను, రెండుసార్లు మూస్తే కాదు.

"భయంగా ఉందా?"

రెండుసార్లు మూసింది. అబద్ధమని అతనికి తెలిసిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆమెకి సరిగ్గా చేతకాని పని అదొక్కటే.

ఇరవయ్యో సీసా ఖాళీ అయిన మర్నాడు పొద్దున్నే గుండె ఆగిపోయింది.

"కొలత తగ్గలేదండీ," అన్నాడు కళ్ళజోడు డాక్టరు మెట్ల మీద, గొంతు పెంచకుండానే. "ఆవిడ బరువుకి ఎంత వెయ్యాలో అంతా వేశాం. కాగితాలు చూపిస్తాను, లోపలికి రండి. ఈ జబ్బులో మందు పూర్తిగా అందినా కొందరు దక్కరు."

"కాగితాలు నాకు చూపించకు! తూకంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. ఎవడు ఎక్కడ నొక్కేస్తాడో నాకు నువ్వు చెప్పాలా?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడమే రుజువనుకున్నాడు అతను. ఆడదాని ఉసురు ఊరికే పోదని నలుగురూ వినేలా శపించి మెట్లు దిగాడు.

అక్కణ్ణుంచి తిన్నగా వెళ్ళి రెండు వారాలుగా మూసున్న కొట్టు తలుపు తీశాడు. తీసీ తియ్యకముందే ఒక ముసలామె పాత ఇనప పెనాలు గోనెలో వేసుకుని వచ్చింది. మాట్లాడే ఓపిక లేక గోనె అందుకుని కాటా మీద పడేశాడు. ఎర్ర అంకెలు వెలిగాయి.

"నాలుగంటోందేంటి నాయనా? ఇప్పుడే కిరాణా కొట్లో తూయించుకొచ్చాను. సరిగ్గా ఐదు కిలోలుంది."

ఇలాంటి వాళ్ళకి చెప్పే జవాబు అతని నాలిక చివరే ఉంటుంది. పప్పులు తూచే కాటాకి ఇనుము సంగతేం తెలుసు అవ్వా, అనాలి. అనబోయి నోరు తెరిచాడు. చూపు ఆరోజు ఆమెను కూర్చోబెట్టిన గోడ మీద పడింది.

ఐదు కిలోలు పెడితే నాలుగే చూపించేలా తొమ్మిదేళ్ళ కిందట తనే సర్దిపెట్టుకుని, అలవాటులో ఆ సంగతే మరిచిపోయిన కాటా మీద అతను నొక్కేసింది తన పెళ్ళాం బరువులో పన్నెండు కిలోలు, ఆమె మందులో రోజుకో సీసా.