పన్నెండో సంతకం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద నాయనమ్మ, ఫ్యాను విప్పి ముందేసుకున్న నాన్న, బట్టలు మడతపెడుతున్న అమ్మ, కిటికీ పక్కన పుస్తకంతో చిన్నమ్మాయి.

నలుగురి మనసూ బయటి గోడ మీదే ఉంది.

రాబోయే ఇరవై ఏళ్ళ కోసం ఊరి మాస్టర్ ప్లాన్ మారుస్తున్నారు. ముసాయిదాలో అరవై అడుగుల రోడ్డు సరిగ్గా ఈ వీధి మీదుగా గీశారు. పన్నెండు ఇళ్ళ గోడలకూ ఎర్ర గుర్తులు పెట్టి వెళ్ళారు. అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పుకోవాలట.

"చెప్పుకోవడమా! చెవిటివాడి ముందు శంఖం" అన్నాడు నాన్న.

బయట అలికిడైంది. చిన్నమ్మాయి తొంగి చూసింది.

ఎవరో పెద్దావిడ. నెరిసిన జుట్టు. దర్జీల టేపుతో గోడకీ వీధికీ మధ్య కొలుస్తోంది.

"ఎవరే అది?" అంది నాయనమ్మ.

"తెలీదు. కొలుస్తున్నారు."

అంతే. నాయనమ్మ మోకాళ్ళ నొప్పులు ఎటు పోయాయో, ఒక్క అంగలో గుమ్మంలో ఉంది.

"ఏమమ్మోయ్, టేపు పట్టుకొచ్చావ్, మా ఇంటికి చొక్కా కుడతావా?"

"కాదమ్మా, నేను..."

"ఆఫీసు మనిషివి కాకపోతే బ్రోకరువి" అంటూ నాన్న వచ్చాడు.

"ఈ కాగితం చదవండి బాబూ. ఒక్క సంతకం పెడితే..."

"సంతకమా? మా మెడకి మేమే ఉరేసుకోవాలా?"

పెద్దావిడ చుట్టూ చూసింది. కిటికీలోంచి కాగితం అందించింది.

"పాపా, నువ్వన్నా చదివి చెప్పమ్మా."

చిన్నమ్మాయి చదివింది. రోడ్డును మూతపడ్డ గోదాము ఖాళీ స్థలం మీదుగా తిప్పమని విన్నపం. కింద పదకొండు సంతకాలు. అడుగున చిన్న అక్షరాలు: వీధిలో ప్రతి ఇంటి సంతకమూ ఉండాలి.

ఈవిడ ఇల్లు కూల్చడానికి కాదు, నిలబెట్టడానికి వచ్చింది.

చెప్పేద్దామనుకుంది చిన్నమ్మాయి. నాన్న అరుస్తూనే ఉన్నాడు. పెద్దవాళ్ళ మధ్య నోరు విప్పాలంటే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది.

"ఏముందే అందులో?" అంది అమ్మ.

"ఏమో. అర్థం కాలేదు."

పెద్దావిడ చిన్నమ్మాయివైపు ఒక్క క్షణం చూసింది. నాన్న కిటికీ దగ్గర లాక్కుని, ఉండచుట్టి విసిరిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపుచేసుకుని వెళ్ళిపోయింది. టేపు గోడ మీదే మరిచిపోయింది.

నెల తిరిగాక ఆఫీసు మనిషి ఒకతను వచ్చి, ఎర్ర గుర్తు మీద సున్నం కొట్టాడు.

"రోడ్డు గీత పక్కకి జరిగింది. మీ వీధి బతికిపోయింది."

"నా నోటికి జడిసే!" అంది నాయనమ్మ. ఆ పూట ఇల్లంతా నవ్వులే.

చిన్నమ్మాయికి నవ్వు రాలేదు. సంతకం లేకుండా గీత ఎలా జరిగింది?

మర్నాడు టేపు తీసుకుని బయల్దేరింది. కాలువ గట్టున ఒంటరి ఇల్లు, కుట్టుమిషన్ ఆవిడ అంటే చెబుతారంది పక్కింటి పిన్ని.

దారిలో గోదాము కనిపించింది. దాని గోడ మీద ఏ గుర్తూ లేదు.

గట్టు మీది ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మూటలు. తాడుతో కట్టిన కుట్టుమిషన్. ఒకామె గిన్నెలు సర్దుతోంది.

"అమ్మమ్మగారు ఉన్నారా? ఈ టేపు..."

"అమ్మ పొద్దున్నే అక్క వాళ్ళూరు వెళ్ళిపోయింది. నువ్వెవరమ్మా?"

"ఆ వీధిలో... పన్నెండో ఇల్లు."

కూతురి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"సంతకం పెట్టనిది మీరేనా?"

"నేను చదివానక్కా. అర్థమైంది. అయినా కాలేదన్నాను."

ఎవరూ నిలదీయకుండా నిజం చెప్పడం చిన్నమ్మాయికి అదే మొదలు.

కూతురు టేపు అందుకుని వేలికి చుట్టుకుంది.

"పన్నెండు ఇళ్ళు రోడ్డున పడతాయని అమ్మ తిరిగింది. ఒక్క సంతకం తక్కువైందని ఆఫీసువాళ్ళు ఆ కాగితం పక్కన పడేశారు. ఎవరైనా సొంత స్థలం వదులుకుంటే గీత జరుపుతామన్నారు."

"ఎవరు వదులుకున్నారక్కా?"

కూతురు చిన్నమ్మాయి ముఖం మీదే తలుపు వేసేసింది.

మొన్నటిదాకా తమ గోడ మీదున్న ఎర్ర గుర్తు ఇప్పుడు ఆ తలుపు మీద ఉంది.